వాతావరణ పాఠము: చేతిపనియా, పరిశీలనమా?

పసిపిల్లలకు విజ్ఞానశాస్త్రమును పుస్తకములోని వాక్యములచేత కాక చేతులతో పని చేయించి నేర్పవలెనను మాట నేడు కాదనువారు లేరు. ఇట్టి పనులకు పాఠశాలలలో ‘కృత్యములు’ అని పేరు. అన్ని కృత్యములలోను వాతావరణమునకు సంబంధించినవి ఉపాధ్యాయులకు మిక్కిలి ఇష్టమైనవి. ఏలనగా వీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసా, రబ్బరు బుడగ, కాగితపు బాణము, దూది, మంచుగడ్డ ఉన్నచో చాలును. పిల్లలు ఉత్సాహముతో చేయుదురు. వైజ్ఞానిక ప్రదర్శనమునాడు బల్లమీద పెట్టిన వర్షమాపకమును తలిదండ్రులు చూచి సంతోషింతురు. ఆ మరునాడు ఆ వర్షమాపకము బీరువా మీదికి చేరును. తరువాత వాన వచ్చినపుడు దానిని బయట పెట్టిన వారెవరు? ఈ ప్రశ్నయే ఈ విమర్శకు మూలము.

ఈ కృత్యములను పరీక్షించుటకు హైదరాబాదు నడుమనున్న అమీర్‌పేట, పంజగుట్టలకంటె తగిన చోటు లేదు. అచ్చటి నుండి కొద్ది దూరములో, బేగంపేట పాత విమానాశ్రమము వద్ద, భారత వాతావరణ శాఖవారి వాతావరణ కేంద్రము కలదు. హైదరాబాదులో ఇంత వాన కురిసినది, ఇంత వేడి నమోదైనది అని పత్రికలలో వచ్చు అంకెలలో పెక్కు బేగంపేటవే. బేగంపేటలోనే మరియొక చోట పాత నిజామియా వేధశాల భవనము ఉన్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో స్థాపించిన ఈ వేధశాల ఆయన మరణానంతరము ప్రభుత్వపరమై బేగంపేటకు మారినది. అచ్చటి ఖగోళజ్ఞులు ఏండ్ల తరబడి రాత్రులందు ఛాయాచిత్రములు తీసి 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను పట్టికలకెక్కించిరి. ఒక రాత్రి చిత్రమునకు గాక, తప్పక సాగిన వరుసకు విలువ అని చెప్పుటకు అంతకంటె దగ్గరి ఉదాహరణ అమీర్‌పేట పిల్లలకు దొరకదు. ఇట్టి రెండు సంస్థల నీడలో పెరుగు పిల్లలు వాతావరణ పాఠమును దూదిమబ్బులతో ముగించుట విచారింపదగినది.

కృత్యముల పుట్టుక

నేడు వాచకములలోను, ఉపాధ్యాయ శిక్షణలోను కనబడు వాతావరణ కృత్యములు కొత్తవి కావు. రెండవ ప్రపంచ యుద్ధములో పాఠశాలలు ధ్వంసమైన దేశముల ఉపాధ్యాయుల కొరకు యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకమును ప్రచురించినది. దానిని పెంచి 1956లో విజ్ఞానశాస్త్ర బోధనకు ఒక పెద్ద ఆకర గ్రంథమును వెలువరించినది. ఇంటివస్తువులతో పరికరములు చేయు విధానములు అందు వందల కొలది కలవు. పేద పాఠశాలకు అది గొప్ప ఉపకారము చేసినది. ప్రయోగశాల లేదను సాకును తొలగించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ప్రాంతమున వచ్చిన 6, 7 తరగతుల సామాన్యశాస్త్ర వాచకములు కూడ వాన పుట్టుక, ఉష్ణోగ్రత కొలత, శీతోష్ణస్థితి, గాలులు, తుపానులు అను విషయములకు పాఠములు కేటాయించి, అడుగడుగున కృత్యములు పెట్టినవి. దీనికి భిన్నముగా, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో పాఠ్యభారమును తగ్గించుచు తన 7వ తరగతి వాచకము నుండి వాతావరణ పాఠమును, గాలులు–తుపానుల పాఠమును తొలగించినది. నగరములు ఏటేట నీట మునుగుచున్న కాలములో, తీర జిల్లాలు తుపానులకు వెరచుచున్న కాలములో, ఆ ఎంపిక సమంజసమని చెప్పుట కష్టము.

అయినను లోపము పాఠములు ఉండుటలోను లేకుండుటలోను మాత్రమే లేదు. కృత్యములు ఒక దేశమునుండి మరియొక దేశమునకు, ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు మారునపుడు చేయు విధానము మాత్రము వచ్చినది. ఎందుకు చేయవలెను, ఫలితమును ఎట్లు సరిచూడవలెను అనునవి దారిలో జారిపోయినవి. ఒక్కొక్క పరికరమును తీసికొని చూచినచో ఇది స్పష్టమగును.

సీసా వర్షమాపకము

రెండు లీటర్ల శీతల పానీయపు సీసాను మెడ క్రింద కోసి, పై ముక్కను గరాటువలె తలక్రిందులుగా అమర్చి, ప్రక్కన కాగితపు స్కేలు అంటించుట సామాన్య పద్ధతి. ఇందు మొదటి దోషము సీసా అడుగు. అది చదునుగా ఉండదు. ఐదు బొడిపెలతో ఉండును. మొదట పడిన కొంత వాన ఆ పల్లములలోనే నిండిపోవును. స్కేలు అడుగు అంచునుండి మొదలైనచో చిన్న వానలన్నియు తప్పుగా వచ్చును. అడుగున గులకరాళ్లు వేసి, బొడిపెలు మునుగువరకు నీరు పోసి, ఆ నీటిమట్టమును సున్నగా గుర్తించినచో ఈ దోషము పోవును. ఇంతకంటె మంచి ఉపాయము స్కేలును విడిచి, పడిన నీటిని కొలపాత్రలో పోసి కొలుచుట. గరాటు నోటి వ్యాసము 10 సెంటీమీటర్లయినచో దాని వైశాల్యము 78.5 చదరపు సెంటీమీటర్లు. 78.5 మిల్లీలీటర్ల నీరు చేరినచో కురిసినది 10 మిల్లీమీటర్ల వాన. నాల్గవ తరగతి పిల్లవాడు నీరు కొలుచును. ఎనిమిదవ తరగతి విద్యార్థి వైశాల్యముతో భాగించును. ఒకే పరికరము రెండు తరగతులకు పాఠమగును.

రెండవ దోషము దానిని పెట్టు చోటు. గోడకు ఆనించిగాని, చెట్టు క్రిందగాని పెట్టిన వర్షమాపకము వానను కాదు, గోడను, చెట్టును కొలుచును. దగ్గరలోని అడ్డంకి ఎంత ఎత్తున్నదో అంతకు రెట్టింపు దూరములో మాపకము ఉండవలెనని నియమము. అమీర్‌పేటలో ఇది మాటలతో తీరునది కాదు. అచ్చట పెక్కు పాఠశాలలకు ఆటస్థలము లేదు. నాలుగంతస్తుల మేడల నడుమ సందులలో అవి నడచుచున్నవి. మిగిలినది మేడ కప్పు. కప్పుమీద గాలి బలముగా వీచును గనుక కొన్ని చినుకులు గరాటులో పడక ఎగిరిపోవును. కొలత కొంత తగ్గును. ఇది తెలిసి కూడ అచ్చటనే పెట్టవచ్చును. కాని ‘ఇది మేడమీది కొలత’ అని నోటుపుస్తకములో వ్రాయించవలెను. కొలత ఎచ్చట తప్పగలదో చెప్పగలిగిన పిల్లవాడు సగము శాస్త్రజ్ఞుడైనట్లే. పుస్తకములలోని కృత్యములు ఈ సంగతి చెప్పక, పరికరము చేయుటతోనే ‘కృత్యము పూర్తియైనది’ అని సంతృప్తి పడుచున్నవి.

మూడవది వేళ. వాతావరణ శాఖవారు ఉదయము 8 గంటల 30 నిముషములకు గడచిన 24 గంటల వానను కొలుతురు. పాఠశాలలోను అదే వేళ కొలిచినపుడే బేగంపేట అంకెతో పోల్చుటకు వీలగును. తోచిన వేళకు చూచినచో సీసాలోని నీరు కొంత ఎండకు ఆవిరియై పోయి ఉండును. దేనితోను పోల్చుటకు వీలుండదు.

బుడగ బారోమీటరు

అన్ని కృత్యములలో అందరికి నచ్చునది, అన్నింటికంటె తప్పుదారి పట్టించునది ఇదియే. గాజుసీసా మూతిపై రబ్బరు బుడగ ముక్కను బిగించి, దాని మధ్య ఒక పుల్లను అంటింతురు. బయటి గాలి పీడనము పెరిగినచో రబ్బరు లోనికి నొక్కుకొనును, పుల్ల కొన పైకి లేచును. తగ్గినచో క్రిందికి దిగును. దీనినిబట్టి వాన రాకను చెప్పవచ్చునని వాచకములు చెప్పును.

లెక్క వేసి చూడవలెను. సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తుననున్న బేగంపేటలో గాలి పీడనము 950 మిల్లీబార్ల ప్రాంతమున ఉండును. సీసాలో బంధింపబడిన గాలి 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కినచో దాని పీడనము సుమారు 300లో ఒక వంతు, అనగా 3 మిల్లీబార్లకు పైగా పెరుగ జూచును. ఉదయమునుండి మధ్యాహ్నమునకు తరగతి గది 5 డిగ్రీలు వేడెక్కుట సాధారణము. ఇది 16 మిల్లీబార్ల మార్పుతో సమానము. హైదరాబాదులో మామూలు రోజున నిజమైన పీడనపు మార్పు ఎంత? ఉదయము 10 గంటల ప్రాంతమున ఎక్కువ, సాయంకాలము 4 గంటల ప్రాంతమున తక్కువ. నడుమ తేడా 4 మిల్లీబార్లకు అటు ఇటుగా ఉండును. అది కూడ ప్రతి దినము గడియారమువలె వచ్చిపోవునదే గాని వాన సూచన కాదు. కావున పుల్ల చూపునది ప్రధానముగ వేడిమిని. పిల్లలు బారోమీటరని పేరు పెట్టి థర్మామీటరును చూచుచున్నారు.

ఈ కృత్యము పుట్టిన ఐరోపాలో రెండు మూడు దినములలో పీడనము 20, 30 మిల్లీబార్లు మారుట కలదు. అచ్చట కొంత అర్థమున్నది. ఉష్ణమండలములో తుపాను దగ్గరకు వచ్చినపుడు తప్ప అట్టి మార్పు రాదు. అయినచో దీనిని పారవేయవలెనా? అక్కరలేదు. సీసాను అరచేతులతో పట్టుకొన్నచో పుల్ల కదలును. అప్పుడు ‘ఇది దేనిని కొలుచుచున్నది?’ అని పిల్లలను అడుగవలెను. తప్పు పేరుతో బోధించుటకంటె ఈ ప్రశ్న వేయి రెట్లు మేలు. ఉన్నత పాఠశాల విద్యార్థులకు నిజమైన పీడనమును చూపదలచినచో మంచి మార్గము మరియొకటి కలదు. పీడనమును కొలుచు అమరిక నేటి చరవాణులలో కొన్నింటికి ఉన్నది. దానితో మేడ మెట్లు ఎక్కినచో సుమారు 9 మీటర్లకు, అనగా మూడంతస్తులకు, 1 మిల్లీబారు తగ్గుట కనబడును. వాతావరణ వార్తలలో చెప్పు పీడనము సుమారు 1010 ఉండగా చేతిలోని పరికరము 950 చూపుట ఏల? ఆ 60 మిల్లీబార్ల తేడా హైదరాబాదు సముద్రమట్టమునకు పైనున్న ఎత్తు. ఒక్క ప్రశ్నలో భూగోళము, భౌతికశాస్త్రము కలిసినవి.

సీసాలో మేఘము, గోడపై మేఘము

వేడినీరు పోసిన సీసా మూతిపై మంచుగడ్డ నుంచి, లోన పొగమంచు ఏర్పడుట చూపుట చూడముచ్చటైన కృత్యము. కాని దీనిని చూచిన పిల్లవాడు ఆకాశములో పైన ఏదో చల్లని వస్తువు ఉన్నదని అనుకొనుట సహజము. మేఘము అట్లు ఏర్పడదు. గాలి పైకి పోయిన కొలది వ్యాకోచించి, 100 మీటర్లకు సుమారు 1 డిగ్రీ చొప్పున తనంత తానే చల్లబడును. అందలి ఆవిరి ధూళి కణములను ఆశ్రయించి నీటి బిందువులగును. సైకిలు పంపుతో సీసాలోనికి గాలి నొక్కి, బిరడాను ఒక్కసారి తీసినచో వ్యాకోచమువలన చల్లబడుట కనబడును. ముందుగా ఆర్పిన అగ్గిపుల్ల పొగను కొంచెము పంపినచో మబ్బు చిక్కనగును. బిరడా వేగముగా ఎగురును గనుక ఇది ఉపాధ్యాయుడు చేసి చూపవలసిన ప్రయోగము. ఉరుము విషయములోను ఇట్టి పొరపాటే కలదు. మేఘములు ఢీకొనుటచేత ఉరుము పుట్టునని ఇండ్లలో చెప్పుదురు. మెరుపు త్రోవలోని గాలి సుమారు 30,000 డిగ్రీల వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించుటయే ఉరుము. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడువరకు లెక్క పెట్టి, 3 సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరము కట్టుట ఏ పరికరమూ అక్కరలేని చక్కని కృత్యము. దానిని గదిలో కూర్చుండియే చేయవలెను. ఉరుము వినబడినచో మేడమీది పనులన్నియు ఆపి పిల్లలను లోనికి తీసికొని రావలెను. ఈ హెచ్చరిక లేని కృత్యపు పుస్తకము అసమగ్రము.

ఇక గోడపై వ్రేలాడు పటములు. నవ్వుచున్న సూర్యుడు, దూదిమబ్బు, గొడుగు. వానిలో ఒకదానికి ఎదురుగా రోజూ బాణము త్రిప్పుదురు. ఐదారేండ్ల పిల్లలకు ఇది చెడ్డది కాదు. కాని ‘ఈరోజు ఎండ’ అను మాటకు రేపటి ఎండతో పోలిక లేదు. మబ్బు ఎంత? ఆకాశమును ఎనిమిది భాగములుగ ఊహించి అందు ఎన్ని భాగములు మబ్బు పట్టినదో చెప్పుట వాతావరణ కేంద్రములలో ఆచారము. ఎనిమిది ముక్కలుగ మడిచిన కాగితముతో దీనిని రెండవ తరగతి పిల్లలు కూడ నేర్వగలరు.

థర్మామీటరు, తడిగుడ్డ

తరగతి గోడకు తగిలించిన థర్మామీటరు గోడ వేడిమిని చెప్పును. ఎండలో పెట్టినది తన గాజు వేడిమిని చెప్పును. మే నెలలో వాహనముల మీటర్లు 48, 50 డిగ్రీలు చూపినవని జనులు ఆశ్చర్యపడుట వినబడుచుండును. బేగంపేటలో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 1966 జూన్ 2వ తేదీనాటి 45.5 డిగ్రీలు, అత్యల్పము 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు. ఈ అంకెలకు అర్థము, అవి తెల్లరంగు వేసి, గాలి ఆడునట్లు సందుల పలకలతో కట్టిన పెట్టెలో, నేలకు సుమారు ఒకటింబావు మీటరు ఎత్తున, నీడలో తీసినవగుట. అట్టి పెట్టెను పాఠశాలలో వడ్రంగి సాయముతో చేయించవచ్చును. అది లేనిచో ఒకే థర్మామీటరును ఎండలో, గోడపై, నీడలో గాలి ఆడు చోట పెట్టి మూడు అంకెలు వ్రాయించుటయే గొప్ప పాఠము. పాదరసపు థర్మామీటరును పిల్లల చేతికి ఈయరాదు. రంగు ద్రవము గలది చాలును.

తేమను బోధించుటకు పుస్తకములు వెంట్రుకతో తేమమాపకము చేయుమని చెప్పును. అది చేయుట కష్టము, పని చేయుట అరుదు. హైదరాబాదు పిల్లల ఇంటనే అంతకంటె మేలైన పరికరము కలదు. అది కిటికీకి అమర్చిన కూలరు. ఏప్రిల్, మే నెలలలో అది గదిని చల్లబరచును. మృగశిర దాటి తొలకరి పడిన తరువాత అదే కూలరు ఉక్కను పెంచును. ఏల? థర్మామీటరు గుండుకు తడిగుడ్డ చుట్టి చూచినచో సమాధానము దొరకును. గాలి 40 డిగ్రీల వేడితో, 25 శాతము తేమతో ఉన్నపుడు తడి థర్మామీటరు సుమారు 24 డిగ్రీలకు దిగును. 30 డిగ్రీల వేడి, 80 శాతము తేమ ఉన్నపుడు 27కు మించి దిగదు. మొదటిదానిలో 16 డిగ్రీల లాభము, రెండవదానిలో 3. చెమట ఆరక ప్రాణము విసుగుట, కుండలోని నీరు వానకాలములో చల్లబడకుండుట, ఉతికిన బట్టలు ముసురులో ఆరకుండుట, అన్నియు ఈ ఒక్క సూత్రములోనివే. తమ ఇంటిలోని ఇట్టి సంగతిని విడిచి వెంట్రుకను వెదకుట చేతిలోనున్న దానిని మరచి ఊరెల్ల వెదకినట్లు.

గాలి దిక్కు

కాగితపు గాలిసూచి సులువైనది. కాని బాణము గాలి పోవు దిక్కును గాక వచ్చు దిక్కును చూపుననుట పిల్లలకు తికమక. దీనికి తోడు మేడల నడుమ సందులలోను, మెట్రో వంతెన స్తంభముల వద్దను గాలి సుడులు తిరుగును; పంజగుట్ట కూడలిలో పెట్టిన సూచి నిముషమునకొక దిక్కు చూపును. పైకి చూచుట నేర్పుటయే ఇచ్చట తగిన మార్గము. సంక్రాంతినాడు హైదరాబాదు మేడలన్నింటి పైన గాలిపటములు ఎగురును. అవి మేడలకు పైనున్న నిజమైన గాలిని చూపును. ఆ నెలలో గాలి తరచుగ తూర్పువైపు నుండి, జూన్, జూలైలలో పడమటినుండి వీచును. వానకాలములో మబ్బులు విడిన వేళ పరికించినచో క్రింది మబ్బులు పడమటినుండి తూర్పునకు, మిక్కిలి ఎత్తుననున్న పలుచని మబ్బులు తూర్పునుండి పడమటికి పోవుట చూడవచ్చును. క్రింద నైరుతి ఋతుపవనము, 12 కిలోమీటర్లకు పైన తూర్పు వేగవాయువు. ఇంతటి వింతను ఏ సీసాలోను చూపుట సాధ్యము కాదు. ఈశాన్యము, ఆగ్నేయము, నైరుతి, వాయవ్యము అను మాటలు తెలుగు ఇండ్లలో వాస్తు మాటలద్వారా పిల్లల చెవిని పడియే ఉండును. ఉపాధ్యాయునికి ఆ శ్రమ కూడ తప్పినది.

మాటలు, ఋతువులు

తెలుగున ‘వాతావరణము’ అను మాటకు రెండర్థములు కలవు: భూమిని చుట్టిన గాలిపొర ఒకటి, ఏ దినమునకాదినము మారు ఎండవానలు మరియొకటి. వాతావరణము నత్రజని, ప్రాణవాయువులతో కూడినదని ఒక పాఠములోను, నేటి వాతావరణము మబ్బుగా ఉన్నదని మరియొక పాఠములోను చదివిన పిల్లవాడు కలవరపడును. పలు సంవత్సరముల సగటుకు శీతోష్ణస్థితి అను వేరు మాట ఉండుట మేలు. మొదటి తేడాను ఉపాధ్యాయుడు నోటితోనైన విడదీసి చెప్పవలెను. ఇంతకు పాండిత్యపు మాటలకంటె వాడుక మాటలే ఈ పాఠమునకు బలము. తుంపర, జల్లు, వాన, ముసురు, కుండపోత అను మాటలలో ఒక కొలబద్దయే దాగి ఉన్నది. ఏ మాటకు ఎన్ని మిల్లీమీటర్లు వచ్చునో ఒక వానకాలము కొలిచి పిల్లలే పట్టిక వ్రాయవచ్చును. 24 గంటలలో 2.5 మిల్లీమీటర్లు కురిసిననే వాతావరణ శాఖ దానిని వానరోజుగ లెక్కించును, 64.5 దాటినచో భారీ, 115.6 నుండి అతిభారీ, 204.4 మించినచో అత్యంత భారీ వర్షమనును. తమ మాటలను ఈ మెట్ల ప్రక్కన ఉంచి చూచుకొనుట పిల్లలకు వేడుక.

పెక్కు ప్రైవేటు ప్రచురణల బొమ్మల పుస్తకములలో మంచు మనిషి, రాలు ఆకులు, నాలుగు ఋతువులు ఇంకను కనబడుచున్నవి. హైదరాబాదు పిల్లవాడు ఎరిగినవి ఎండకాలము, వానకాలము, చలికాలము. వీనికి తోడు తెలుగువారికి 27 కార్తెలు కలవు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రములో గడుపు 13, 14 దినములు ఒక కార్తె. రోహిణి కార్తె ఎండలు, జూన్ మొదటి వారము చివర వచ్చు మృగశిర తొలకరి రైతు నోట నానిన సంగతులు. వీనిని మూఢనమ్మకమని త్రోసివేయుట గాని, పూర్వుల మాటయని తలదాల్చుట గాని శాస్త్రము కాదు. మృగశిర ప్రవేశమునుండి పదునైదు దినములలో ఎన్ని దినములు వాన పడినదో ఏటేట వ్రాసి ఉంచినచో పదేండ్లకు ఆ పాఠశాలయే జవాబు చెప్పగలదు.

అంకెల వెనుక ప్రాణములు

ఇంత సూక్ష్మము పిల్లలకు ఎందుకను ప్రశ్న రావచ్చును. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటలలో 241.5 మిల్లీమీటర్ల వాన కురిసినది. సంవత్సరమంతటికి కురియు సుమారు 800 మిల్లీమీటర్లలో ఇది మూడవ వంతుకు కొంచెమే తక్కువ. 241.5 అను అంకె పిల్లవానికి ఏమి చెప్పును? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. 200 చదరపు మీటర్ల పాఠశాల కప్పుమీద ఆ దినము పడినది 48,300 లీటర్లు. ఒక చదరపు కిలోమీటరు మీద 24 కోట్ల 15 లక్షల లీటర్లు. బంజారాహిల్స్ గుట్టలమీద పడిన నీరు పల్లమునకు, అనగా పంజగుట్టవైపు, అచ్చటినుండి హుస్సేన్‌సాగరము వైపు, పరుగెత్తవలసినదే. నేల అంతయు సిమెంటు అయినపుడు ఇంకుటకు చోటు లేదు; నాలా ఇరుకైనపుడు పోవుటకు త్రోవ లేదు. గట్టివాన పడిన ప్రతిసారి మైత్రీవనము కూడలిలో నీరు ఏల నిలుచునో, తన సీసాలోని నీటిని కొలిచిన పిల్లవానికి ఒకరు చెప్పనక్కరలేదు.

2020 అక్టోబరు 13, 14 తేదీల నడుమ బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడగా, అదే రాత్రి నగరము తూర్పు అంచున ఘట్‌కేసర్ ప్రాంతమున సుమారు 32 సెంటీమీటర్లు పడినది. ఒకే నగరములో ఇంత తేడా! కావుననే రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ నగరమంతట స్వయంచాలక కేంద్రములను నెలకొల్పినది. అమీర్‌పేట పాఠశాల కొలతకు బేగంపేట కొలతకు తేడా వచ్చినచో అది తప్పే కానక్కరలేదు. వాన స్వభావమే అది కావచ్చును. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద వేలమందిని బలిగొన్నది. ఆ తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. నగరపు చెరువులకు వెనుక వానలెక్క ఉన్నది. వాతావరణ శాఖ నేడు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు పంపుచున్నది. ‘రేపు 12 సెంటీమీటర్లు’ అని విన్నపుడు దాని పరిమాణమును ఊహింపగల పౌరుడు నాలా ఒడ్డున వాహనమును నడుపడు. పల్లపు గదిలో పిల్లలను నిద్రింపజేయడు. ఆ ఊహను పుట్టించుట వాతావరణ పాఠపు పని.

ఏమి చేయవలెను?

ఉపాధ్యాయుల కష్టము నిజమైనది. తరగతిలో అరువదిమంది, పాఠ్యప్రణాళిక తరుముచుండును, పరీక్షలలో ‘వర్షమాపకము పటము గీయుము’ అని అడుగుదురే గాని ‘నీవు కొలిచిన జూలై నెల వాన ఎంత?’ అని అడుగరు. ప్రశ్నపత్రము మారనిదే కృత్యము మారదు. ఈ నింద ఉపాధ్యాయునికంటె ప్రణాళికలు వ్రాయువారికే ఎక్కువగా చెందును. అయినను పని చిన్నది. ప్రార్థనకు ముందు ఐదు నిముషములు చాలును. ఒకటి, రెండు తరగతులవారు మబ్బును, నీడను, తడిరుమాలు ఆరుటకు పట్టిన వేళను చూతురు. మూడు నుండి ఐదవ తరగతివరకు వానను, వేడిని కొలిచి వ్రాయుదురు. ఉన్నత పాఠశాలవారు ఆ అంకెలను బేగంపేట అంకెలతో పోల్చి, తేడాలకు కారణములు వెదకుదురు, చిన్నవారి తప్పులు దిద్దుదురు. 1995లో అమెరికాలో మొదలై, 2000లో మన దేశము కూడ చేరిన ‘గ్లోబ్’ అను అంతర్జాతీయ విద్యార్థి పరిశీలన పథకములో జరుగునది ఇదియే: అందరును ఒకే నియమముతో కొలుచుట, వ్రాయుట, పంచుకొనుట. నియమములకు ఖర్చు లేదు.

పరికరములు ఎన్ని చేసిరని కాక ఎన్ని దినములు తప్పక చదివిరని ప్రదర్శనములలో బహుమతులిచ్చినచో సగము పని జరుగును. వంకర సీసాయైనను సరే, దాని ప్రక్కన ఒక సంవత్సరపు అంకెల పుస్తకము ఉన్నచో అది పరికరము. పుస్తకము లేనిచో ఎంత అందముగ చేసినను అది బొమ్మ. జూన్‌లో పాఠశాలలు తెరచుటయు తొలకరి వచ్చుటయు ఇంచుమించు ఒకే సమయము. నోటుపుస్తకపు మొదటి పుటలో ఆ సంవత్సరపు మొదటి వాన తేదీని, కొలతను వ్రాయించుటకు అంతకంటె మంచి ముహూర్తము లేదు.